గొంతును ట్రాక్ శ్రుతికి కలపడం ఎలా: ఒక జానపద శాంపిల్, ఒక హౌస్ ట్రాక్

శాంపిల్ (మన ట్రాక్‌లో వాడుకోవడానికి తెచ్చుకున్న రికార్డింగ్ ముక్క) ఫైల్ పేరు చివర ‘ఏ మైనర్’ అని ఉన్నంత మాత్రాన అది ఏ మైనర్ అయిపోదు. ఆ పేరు చాలాసార్లు ఆ గొంతు వెనక మొదట వాయించిన కార్డ్స్‌ది (కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులది). గొంతు ఒక్కటే విడిగా చేతికొచ్చాక ఆ కార్డ్స్ ఉండవు, మిగిలేవి ఐదారు స్వరాలే. ఆ ఐదారు స్వరాలు ఇంకో రెండు మూడు కీలలో (కీ అంటే పాట కూర్చున్న స్వరాల కుటుంబం) కూడా హాయిగా ఒదిగిపోతాయి. మరికొన్ని ఫైళ్లకు ఆ పేరు ఏదో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి తగిలించింది. ఇక ఊళ్లో పాడించి ఫోన్‌లో పట్టుకున్న జానపదాలకూ, పాత క్యాసెట్ల నుంచి తీసినవాటికీ అసలు ఏ కీ పేరూ ఉండదు.

అందుకే పని కొలతతో మొదలవ్వాలి. ఇక్కడ ఒకే ఉదాహరణను చివరిదాకా పట్టుకెళ్దాం. వాయిద్యాలు లేకుండా పాడిన ఆడగొంతు జానపదం, 118 బీపీఎమ్ (నిమిషానికి 118 బీట్లు). దాన్ని కూర్చోబెట్టాల్సింది 124 బీపీఎమ్‌లో నడిచే ఎఫ్ మైనర్ హౌస్ (డ్యాన్స్ సంగీతంలో ఒక రకం) ట్రాక్ మీద. మీ శాంపిల్‌కి అంకెలు మారతాయి, చేసే పని మాత్రం ఇదే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మీరు సంగీతానికి వాడే సాఫ్ట్‌వేర్ (ఏబుల్టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్ లాంటిది) ఏదైనా సరే. దానితోపాటు సెంట్లు (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో వందో వంతులు), హెర్ట్జ్ చూపించే ట్యూనర్ ప్లగిన్ ఒకటి కావాలి. మెల్డా ప్రొడక్షన్ వాళ్ల ఎమ్‌ట్యూనర్, జీవీఎస్‌టీ వాళ్ల జీట్యూన్ రెండూ ఉచితమే. ఒక సాదా సైన్ వేవ్ పలికించే సింథ్, చిన్న మిడి కీబోర్డు, ఫోన్‌లో తంబూర యాప్. ఈ చివరిదాన్ని తీసిపారేయకండి. కీ కనిపెట్టే పనిలో ఖరీదైన ప్లగిన్ల కంటే తంబూరే ఎక్కువసార్లు నిజం చెబుతుంది.

గొంతు ఫైలు వేవ్ రూపంలో, రివర్బ్ (ప్రతిధ్వని) లేకుండా దొరికితే మంచిది. ఎంపీత్రీని మూడు సెమిటోన్లు (నల్లవీ కలిపి కీబోర్డు మీద మూడు మెట్లు) జరిపితే ‘స’, ‘ష’ల దగ్గర నీళ్లు కదిలినట్టు చప్పుడు బయటపడుతుంది. రివర్బ్ అంటుకుని ఉన్న గొంతులో ముందు స్వరం తోక తరవాతి స్వరం మీద పడి ఉంటుంది. దాన్ని ఏ సాధనమూ శుభ్రంగా జరపలేదు. డీమక్స్, అల్టిమేట్ వోకల్ రిమూవర్ లాంటివాటితో పూర్తి పాట నుంచి గొంతును విడదీసి ఉంటే, 120 హెర్ట్జ్ కింద కోసేసి ఒంటరిగా ఒకసారి వినండి. వెనక సన్నగా హార్మోనియమో వీణో ఇంకా వినిపిస్తుంటే, పాత పాట కార్డ్స్ మీ కొత్త కార్డ్స్‌తో తగవు పడతాయి. పిచ్ అంతా సరిగ్గా ఉన్నా ఏదో తేడా కొడుతోందని జుట్టు పీక్కునే సందర్భాల్లో సగం ఇవే.

అనుమతి మాట కూడా ఇక్కడే అనుకుందాం. రికార్డింగ్ మీద ఒక హక్కు, బాణీ-సాహిత్యం మీద ఇంకో హక్కు ఉంటాయి. పాట జానపదమైనా ఆ రికార్డింగ్ దాన్ని చేసినవాళ్లదే. పిచ్ మార్చినంత మాత్రాన ఈ సంగతి మారదు, యూట్యూబ్ కూడా చాలాసార్లు పట్టేసుకుంటుంది. పాడినవాళ్లతోనే కొత్తగా పాడించుకోవడం అన్నిటికంటే తేలిక. అప్పుడు శ్రుతి కూడా మీరే ఇవ్వొచ్చు.

టెంపో సర్దేటప్పుడే పిచ్ జారిపోతుంది

గొంతును ప్రాజెక్ట్‌లోకి లాగి 124కి తెస్తారు. ఏబుల్టన్ లైవ్‌లో వార్ప్ మోడ్ ‘రీ-పిచ్’ మీద ఉన్నా, ఎఫ్ఎల్ స్టూడియోలో స్ట్రెచ్ మోడ్ ‘రీశాంపుల్’ మీద ఉన్నా, రీపర్‌లో వేగం మారినా పిచ్ కాపాడమనే టిక్ తీసేసి ఉన్నా, వేగంతోపాటు పిచ్ కూడా పైకి పోతుంది, గ్రామఫోన్ రికార్డును తొందరగా తిప్పినట్టు. 118 నుంచి 124కి ఆ పెరుగుదల 86 సెంట్లు. వంద సెంట్లు ఒక సెమిటోన్ కదా, అంటే ఇది రెండు మెట్ల మధ్య ఎటూ కాని చోటు. కీ కొలవకముందే కీ పాడైపోయినట్టు.

లెక్క కావాలంటే: కొత్త బీపీఎమ్‌ను పాత బీపీఎమ్‌తో భాగించండి, వచ్చినదానికి 2 ఆధారంగా లాగరిథమ్ తీయండి, 12తో గుణించండి. వచ్చేది సెమిటోన్లలో ఉంటుంది. మోటు లెక్కగా, వేగం 6 శాతం పెరిగితే ఒక సెమిటోన్, 12 శాతానికి రెండు, 19 శాతానికి మూడు. ఇది ఎప్పుడూ చెడ్డదేమీ కాదు. గొంతును పైకి ఒక సెమిటోన్ జరపాలి, వేగం కూడా ఆరు శాతం పెరగాలి అనుకోండి, రీ-పిచ్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. సాగదీత మచ్చలు అస్సలు ఉండవు.

మన ఉదాహరణకి పిచ్ కదలకూడదు కాబట్టి లైవ్‌లో కాంప్లెక్స్ ప్రో పెట్టి, ఫార్మెంట్స్ (గొంతు సహజ ఛాయను కాపాడే మీట) 100 దగ్గర ఉంచండి. ఒంటరి గొంతుకి, జరిపేది తక్కువైతే, టోన్స్ మోడ్ ఇంకా శుభ్రంగా పలకొచ్చు. రెండూ విని ఎంచుకోండి. ఐదు శాతం వేగం మార్పు చెవికి తెలియదు. పదిహేను దాటితే ఒత్తులు, ద్విత్వాలు అరిగిపోతాయి. ‘చెట్టు’లో ‘ట్ట’ మెత్తబడిందంటే సాగదీత ఎక్కువైందని గుర్తు. వార్ప్ మార్కర్లు (శబ్దాన్ని తాళానికి కట్టే గుర్తులు) ప్రతి అక్షరానికీ కొట్టకండి, చరణంలో ప్రతి పాదం మొదట ఒకటి చాలు. జానపదంలో అక్షరం తాళానికి కాస్త ముందో వెనకో పడటంలోనే ఊపు ఉంటుంది.

సా ఎక్కడుంది?

తెలుగులో పాడిన శాంపిల్స్‌తో ఒక సౌకర్యం ఉంది. మనది అజంత భాష, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. పాదం చివర ‘ఆ’, ‘ఓ’, ‘ఏ’ సాగుతూ ఆగుతుంది, కొలవడానికి కావలసినంత నిలకడైన స్వరం దొరుకుతుంది. పల్లవి చివర అలా ఆగిన చోట అర సెకను ముక్కను లూప్‌లో పెట్టండి. దాంతోపాటు మీరూ కూనిరాగం తీయండి. లూప్ ఆపేసి, నోటిలో ఉన్న స్వరాన్ని వదలకుండా కీబోర్డు మీద వెతకండి. లూప్ మోగుతుండగా వెతికితే దగ్గరి మెట్టు కూడా సరైనదే అనిపించి మోసం చేస్తుంది.

దొరికిన మెట్టు పాట సా అవునో కాదో తేల్చేది తంబూర. ఆ శ్రుతికి తంబూర పెట్టి పాట మొదటి నుంచి వినండి. కర్ణాటక శ్రుతుల లెక్కలో 1 అంటే సీ, 1½ సీ షార్ప్, 2 డీ, 2½ డీ షార్ప్, 3 ఈ, 4 ఎఫ్, 4½ ఎఫ్ షార్ప్, 5 జీ, 5½ జీ షార్ప్, 6 ఏ, 6½ ఏ షార్ప్, 7 బీ. సా సరిగ్గా పట్టి ఉంటే గొంతు ఇంటికొచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. పా మీదో రి మీదో ఆగి, పల్లవికి వదిలేసే బాణీలూ ఉంటాయి. అలాంటప్పుడు తంబూర మీద పాట గాలిలో వేలాడుతుంది. ఆగింది పా అనుకుంటే అయిదు సెమిటోన్లు పైకో, ఏడు కిందకో, రి అనుకుంటే రెండు కిందకో తంబూర మార్చి మళ్లీ వినండి.

కీ కనిపెట్టే సాఫ్ట్‌వేర్లను వద్దనడం లేదు, వాటిని రెండో సాక్షిగా వాడండి. పూర్తి పాట మీద బాగానే పనిచేస్తాయి. ఒంటరి గొంతు మీద మాత్రం మేజర్‌కీ దాని జంట మైనర్‌కీ (అవే స్వరాలున్న మైనర్‌కీ) మధ్య, లేదా సా-పాల మధ్య తడబడతాయి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మన గొంతు జీ షార్ప్ దగ్గర తేలింది, అంటే ఐదున్నర శ్రుతి. జీ షార్ప్ అన్నా ఏ ఫ్లాట్ అన్నా ఇక్కడ అదే నల్లమెట్టు. ఈ వ్యాసమంతా షార్ప్ పేర్లే వాడదాం.

సెంట్లు: అందరూ వదిలేసే మెట్టు

‘దగ్గర’ తేలింది, సరిగ్గా అక్కడే కాదు. ట్యూనర్‌లో ఆ నిలకడ స్వరం 424 హెర్ట్జ్ చూపిస్తోంది. ‘ఏ’ స్వరం 440 హెర్ట్జ్ అనే మామూలు లెక్కన జీ షార్ప్ 415.3 హెర్ట్జ్. తేడా 36 సెంట్లు, పైకి. శ్రుతి ఇవ్వకుండా పాడినవాళ్లు పియానో మెట్టు మీదే నిలబడాలని నియమమేమీ లేదు. క్యాసెట్ నుంచి తీసినవాటిలో అయితే టేపు తిరిగిన వేగం బట్టి మొత్తం పాటే పక్కకి జరిగి ఉంటుంది.

ట్యూనర్ ముల్లు వణుకుతూ నమ్మకం కలగకపోతే సైన్ వేవ్‌తో కొలవండి. లూప్ మీద జీ షార్ప్ సైన్ వేయండి. రెండూ కలిసి ‘వూ-వూ-వూ’మని అలలు వినిపిస్తాయి, మన తేడాకి సెకనుకి తొమ్మిది దాకా వస్తాయి. సింథ్‌లో ఫైన్ ట్యూన్‌ను మెల్లగా పెంచుతూ పోండి, అలలు నెమ్మదించి ఒకచోట ఆగిపోతాయి. ఆ చోట ఫైన్ ట్యూన్ ఎంత చూపిస్తుందో అదే మీ తేడా. చెవితో చేసే కొలతల్లో దీన్ని మించిన కచ్చితమైనది లేదు. తంబూర తీగలు శ్రుతి చేసేదీ ఇలాగే.

ఒకే చోట కొలిచి వదిలేయకండి. పల్లవి, మధ్య చరణం, చివరి చరణం మూడు చోట్లా చూడండి. తోడు లేకుండా పాడిన గొంతు ఊపెక్కేకొద్దీ మెల్లగా పైకి జరగడం మామూలే. పల్లవిలో 36 సెంట్లున్నది చివరికి 55 అయితే, ఫైలు మొత్తానికి ఒకే సవరణ కుదరదు. పాదాలుగా కోసి దేనికది సరిచేయండి. కోతలు ఊపిరి తీసుకునే చోట పెడితే తెలియవు.

పది సెంట్ల లోపు తేడాను ముట్టుకోవద్దు. పదిహేను దాటితే, ముఖ్యంగా వెనక నిలకడగా మోగే ప్యాడ్ ఉంటే, సరిచేయాలి. ఇక్కడ డీట్యూన్‌లో (సెంట్ల మీట) మైనస్ 36. ట్రాన్స్‌పోజ్‌ను (సెమిటోన్ల మీట) ఇంకా ముట్టుకోలేదు, చూసుకోండి.

మూడు సెమిటోన్లు దించేస్తే పోలా?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గొంతు జీ షార్ప్, ట్రాక్ ఎఫ్. తేడా మూడు సెమిటోన్లు, దించేద్దాం అనిపిస్తుంది. ఆగండి. సా ఎక్కడుందో తెలిసింది, మిగతా స్వరాలేవో ఇంకా చూడలేదు.

పాటలో వచ్చే స్వరాలన్నీ కాగితం మీద రాయండి. గమకాల్లో తగిలి పోయేవి వద్దు, నిలిచేవి చాలు. మన జానపదంలో వచ్చినవి జీ షార్ప్, ఏ షార్ప్, సీ, డీ షార్ప్, ఎఫ్ అనుకుందాం. అంటే స రి గ ప ద, మోహన రాగం స్వరాలు. మ, ని అసలు లేవు. ఇప్పుడు వీటినే ఎఫ్ నుంచి చదవండి: ఎఫ్, జీ షార్ప్, ఏ షార్ప్, సీ, డీ షార్ప్. ఇది ఎఫ్ మైనర్ పెంటటానిక్, అంటే ఐదు స్వరాల వరుస. మన మాటల్లో, మోహన ధైవతాన్ని షడ్జమం చేసి గ్రహభేదం చేస్తే వచ్చే శుద్ధ ధన్యాసి. అంటే ఈ గొంతు ఎఫ్ మైనర్ ట్రాక్ మీద ఒక్క సెమిటోన్ కూడా జరపకుండానే సరిపోతుంది. చేయాల్సిందల్లా ఆ 36 సెంట్లు దించడమే.

మూడు సెమిటోన్లు దించి ఉంటే? స్వరాలు ఎఫ్, జీ, ఏ, సీ, డీ అయ్యేవి. ట్రాక్‌లో ప్యాడ్ జీ షార్ప్ పట్టుకుంటుంటే గొంతు దాని పక్కనే ‘ఏ’ పాడుతుంది. సా కలిసింది, గాంధారం కలవలేదు. ‘కీ ఒకటే, అయినా అపశ్రుతి’ అనే ఫిర్యాదు వెనక ఉండేది ఇదే.

ఐదు స్వరాల గొంతుతో ఇంకో లాభం. ఆ స్వరాలు జీ షార్ప్, డీ షార్ప్, సీ షార్ప్ అనే మూడు మేజర్ కీలలోనూ పూర్తిగా ఉన్నాయి. వాటి జంట మైనర్లు ఎఫ్, సీ, ఏ షార్ప్. డీజేలు వాడే క్యామెలాట్ చక్రంలో చూస్తే ఇవి 4ఏ, 5ఏ, 3ఏ, పక్కపక్క గళ్లే. ట్రాక్ ఈ మూడు మైనర్లలో దేనిలో ఉన్నా గొంతును కదపక్కర్లేదు. కీ కనిపెట్టే సాఫ్ట్‌వేర్ తడబడేదీ ఇందుకే: ఇక్కడ సరైన జవాబులు ఒకటి కంటే ఎక్కువ.

పాట స్వరాలు స గ₂ మ₁ ప ని₂ అయితే కథ వేరు. అది జీ షార్ప్ మైనర్ పోకడ. దాన్ని ఎఫ్ మైనర్‌కి తేవాలంటే మూడు సెమిటోన్లు నిజంగానే జరపాలి. మాయామాళవగౌళ లాంటి స్వరాలు వినిపిస్తే, అంటే సా పక్కనే శుద్ధ రిషభం, ఆ పైన అంతర గాంధారం ఉంటే, మామూలు మేజర్-మైనర్ కార్డ్స్ ఏవీ పూర్తిగా ఒప్పుకోవు. అక్కడ కార్డ్స్ మానేసి సా-పాల డ్రోన్ (తంబూరలా ఆగకుండా మోగే శ్రుతి), దాని మీద బేస్‌లైన్ పెట్టడం ఉత్తమం. టెక్నోకి అది ఇంకా బాగా నప్పుతుంది.

గొంతును జరపాలా, ట్రాక్‌నా?

మైనర్ పోకడ గొంతు వచ్చిందనుకుందాం, తేడా మూడు సెమిటోన్లు. వీలైనంతవరకు ట్రాక్‌నే జరపండి. మిడి నోట్లు (ఏ మెట్టు మోగాలో సింథ్‌కి చెప్పే సూచనలు) జరిపితే సింథ్ కొత్త పిచ్‌లో కొత్తగా పలుకుతుంది, నష్టమేమీ లేదు. గొంతు అలా కాదు. మనిషి గొంతులో స్వరం మారినా నోరు, కంఠం ఆకారంతో వచ్చే ఫార్మెంట్లు దాదాపు అక్కడే ఉంటాయి. సాదా పిచ్ మార్పు వాటినీ లాక్కుపోతుంది. పైకి జరిపితే పిల్లల గొంతు, కిందకి జరిపితే జలుబు చేసిన గొంతు. ఫార్మెంట్లను కాపాడే మోడ్‌లో కూడా రెండు మూడు సెమిటోన్లు దాటాక సహజత్వం పోతుంది. ముక్కలుగా కోసి ఎఫెక్ట్‌లా వాడుకోవడానికైతే ఏడు, పన్నెండు జరిపినా తప్పులేదు. అక్కడ సహజత్వం ఎవరికీ అక్కర్లేదు.

ట్రాక్‌ను ఎంత జరపొచ్చో తేల్చేది బేస్. ఎఫ్ మైనర్‌లో సబ్ బేస్ అడుగు స్వరం 43.7 హెర్ట్జ్. రెండు సెమిటోన్లు పెంచితే జీ, 49. మూడు పెంచితే జీ షార్ప్, 51.9. ఇవన్నీ పెద్ద స్పీకర్లలో దిట్టంగా పలికే చోట్లే. అదే ట్రాక్ డీ మైనర్‌కి దింపాల్సి వస్తే అడుగు స్వరం 36.7కి పోతుంది. ఫంక్షన్ హాల్లో పెట్టే చాలా స్పీకర్లకు అంత లోతు అందదు, బేస్ ఉన్నట్టుండి మాయమవుతుంది. ఆక్టేవ్ పైకి తీసుకుపోతే 73, గుండెకి తగలదు. కాబట్టి ఇక్కడ మొత్తం మూడూ ట్రాక్‌కే ఇచ్చి గొంతుకి మైనస్ 36 సెంట్లు మాత్రం పెట్టొచ్చు. ట్రాక్‌లో జీ షార్ప్‌కి రాలేని ఆడియో లూప్ ఏదైనా ఉంటే రెండు ట్రాక్‌కి, ఒకటి గొంతుకి పంచండి. అప్పుడు గొంతు మైనస్ 1.36 సెమిటోన్లు.

ట్రాక్‌ను జరిపేటప్పుడు డ్రమ్స్ మిడి క్లిప్పులు మాత్రం ఎంచుకోకండి, కిక్ బదులు స్నేర్ మోగుతుంది. కిక్ తోక శ్రుతిలో ఉంటే దాన్ని శాంపిల్ ట్యూన్‌లో విడిగా జరపాలి. రైజర్లు (పైపైకి లేచే ఎఫెక్ట్ శబ్దాలు), వెనక సన్నగా మోగే ఆడియో టెక్స్చర్లు మర్చిపోతారు, ఇవి కూడా జరగాలి.

పిచ్ సవరణ ఎప్పుడూ మూల ఫైలు మీద ఒక్కసారే. మైనస్ రెండు చేసి ఎగుమతి చేసి, నచ్చక మళ్లీ ప్లస్ ఒకటి చేస్తే మచ్చలు రెండింతలవుతాయి. రివర్బ్, డిలే అన్నీ పిచ్ పని అయ్యాకే.

గమకాలను చంపకుండా సరిచేయడం

ఆటో-ట్యూన్ తరహా సాధనాన్ని క్రొమాటిక్‌లో (పన్నెండు మెట్లలో దేనికైనా లాగేలా), వేగంగా పెట్టి తెలుగు గొంతు మీద వదిలితే ఏమవుతుందో ఒక్కసారి చూడాల్సిందే. జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) మెట్లు మెట్లుగా తెగిపోతుంది, ఊగే గాంధారం రెండు స్వరాల మధ్య గిలగిలలాడుతుంది. రోబో గొంతే కావాలంటే వేరే సంగతి.

మెలోడైన్ లాంటి దానిలో చేతితో చేసుకోండి. స్వరం సగటు పిచ్‌ను, దాని మెల్లటి జారుడును, దాని ఊగిసలాటను అది విడివిడిగా చూపిస్తుంది. సగటును సరిచేయండి, ఊగిసలాటను ముట్టుకోకండి, జారుడును చాలా కొద్దిగా. ఒక గమకాన్ని అది రెండు మూడు స్వరాలుగా ముక్కలు చేసి చూపిస్తే, ముందు వాటిని కలిపి ఒకే స్వరం చేసి, తరవాత సగటు చూడండి. నిలిచే స్వరాలు తప్ప మిగతావి వదిలేయడమే మంచిది. నిమిషం పాటలో సరిచేయాల్సినవి పది పన్నెండు దాటుతుంటే, అసలు సా తప్పు పట్టారేమో వెనక్కి వెళ్లి చూసుకోండి.

తంబూర మీద సాధన చేసిన గొంతుల్లో ఇంకో సూక్ష్మం. వాళ్లు నిలబెట్టే అంతర గాంధారం సా నుంచి 386 సెంట్ల దగ్గర ఉండొచ్చు, కీబోర్డులో అది 400. పద్నాలుగు సెంట్లు తక్కువ. అది గొంతు తప్పు కాదు, కీబోర్డు చేసుకున్న సర్దుబాటు. అలాంటిచోట గొంతును పైకి లాగేకంటే, ప్యాడ్‌లో ఆ ఒక్క స్వరాన్ని తీసేయండి. గొంతు దాన్ని ఎలాగూ పాడుతోంది.

కీ కుదిరాక కార్డ్స్ సంగతి

కీ ఒకటైనంత మాత్రాన ప్రతి కార్డ్ మీదా ప్రతి స్వరం కూర్చోదు. మన ట్రాక్ కార్డ్స్ వరుస ఎఫ్ మైనర్, సీ షార్ప్ మేజర్, జీ షార్ప్ మేజర్, డీ షార్ప్ మేజర్ అనుకోండి, హౌస్‌లో రోజూ వినే వరుసే. మోహన పోకడ గొంతు పల్లవి చివర సా, అంటే జీ షార్ప్, నాలుగు బార్లు సాగుతుంది. మొదటి కార్డ్‌లో అది మూడో స్వరం, రెండోదాంట్లో ఐదోది, మూడోదాంట్లో మూలస్వరం. మూడు చోట్లా హాయి. నాలుగో కార్డ్ డీ షార్ప్, జీ, ఏ షార్ప్. గొంతు జీ షార్ప్, ప్యాడ్ జీ, రెంటికీ మధ్య ఒకే సెమిటోన్. సరిగ్గా అక్కడ గరుకుగా తగులుతుంది.

మందు చిన్నదే. నాలుగో కార్డ్‌లో జీ తీసేసి జీ షార్ప్ పెట్టండి. దీన్ని సస్ ఫోర్ అంటారు. గొంతు ఆగాక చివరి రెండు బీట్లలో జీకి దిగితే వినేవాళ్లకి ఊపిరి వదిలినట్టు ఉంటుంది. గొంతును కోయక్కర్లేదు, దించక్కర్లేదు.

ఇదే పద్ధతి పాటంతటికీ వాడండి. ప్రతి బార్‌లోనూ మొదటి బీట్ మీద పడే స్వరం, ఎక్కువసేపు నిలిచే స్వరం, రెండే రాసుకోండి. కార్డ్‌లో అవి ఉన్నాయా, లేక పక్క సెమిటోన్ ఉందా చూడండి. పక్క సెమిటోన్ ఉంటే ప్యాడ్ స్వరం తీసేయాలి, లేదా కార్డ్ మార్చాలి. దాటుకుంటూ పోయే స్వరాల గురించి బెంగ వద్దు.

గొంతుకి తోడు గొంతు తయారు చేస్తున్నారా? మోహన స్వరాలకు ఏడు సెమిటోన్లు పైన కాపీ పెడితే అన్నీ ఎఫ్ మైనర్‌లోనే పడతాయి. నాలుగు సెమిటోన్లు పైన పెడితే సీ కాస్తా ఈ అవుతుంది, అది కీలో లేదు. మూడో స్వరం తోడు కావాలంటే స్వరం స్వరానికీ మూడా నాలుగా అని చూసి జరపాలి.

ముక్కలు కోసి కీబోర్డు మీద వాయించాలంటే

ఒక్క ‘ఓ’ ముక్కను శాంప్లర్‌లో వేసి మెలోడీ వాయించాలంటే దాని మూలస్వరం చెప్పాలి. శాంప్లర్ మధ్య సీని మూలంగా అనుకుంటుంది, ముక్కేమో డీ షార్ప్. చెప్పకపోతే మీరు సీ నొక్కినప్పుడు డీ షార్ప్ మోగుతుంది, మొత్తం మూడు సెమిటోన్లు పక్కకి పోతుంది. ఎఫ్ఎల్‌లో శాంప్లర్ కింద ఉండే కీబోర్డు బొమ్మ మీద ఆ మెట్టును రైట్ క్లిక్ చేస్తే చాలు. లైవ్ సింప్లర్‌లో ట్రాన్స్‌పోజ్ మైనస్ మూడు పెట్టండి. ఒకే మధ్య సీని లైవ్ సీ3 అంటుంది, ఎఫ్ఎల్ సీ5 అంటుంది. మిడి ఫైలు అటూ ఇటూ మారినప్పుడు ఆక్టేవ్ తప్పిందని కంగారుపడకండి. సెంట్ల సవరణ ఇక్కడా మర్చిపోవద్దు, ఆ 36 ఈ ముక్కలోనూ ఉంది.

చివరిగా వినే పద్ధతి

డ్రమ్స్ మ్యూట్ చేసి గొంతు, బేస్ రెండే వినండి. తరవాత గొంతు, ప్యాడ్ రెండే. డ్రమ్స్ హోరులో తప్పులు దాక్కుంటాయి. శబ్దం బాగా తగ్గించి, మోనోలో పెట్టండి. పది నిమిషాలు లేచి వెళ్లి టీ తాగి వచ్చి మళ్లీ వినండి, ఎందుకంటే చెవి తప్పుకి కూడా అలవాటు పడిపోతుంది.

అప్పుడు వినిపించే తేడాను బట్టి జబ్బు చెప్పొచ్చు. మొత్తం పాట పొడుగునా సన్నగా పులుపు తగులుతుంటే సెంట్లు. కొన్ని మాటల దగ్గరే తగులుతుంటే గాంధారమో, కార్డో. మొదట బాగుండి చివరికి చెడిపోతుంటే గొంతు జరిగిపోయింది, పాదాలుగా కోయాలి. కార్డ్ మారిన క్షణంలో మాత్రమే అయితే అది రివర్బ్ తోక లేదా డిలే, ముందు స్వరం ఇంకా మోగుతోంది. కార్డ్ మారే ముందు దాన్ని ఆటోమేషన్‌తో తగ్గించండి. శ్రుతిలో ఉన్నా గొంతు ప్లాస్టిక్‌లా ఉంటే ఎక్కువ జరిపారు, ట్రాక్ కదపడానికి ఇంకా చోటుందేమో చూడండి.

అంతా కుదిరాక, మూల ఫైలు పేరు మార్చి పెట్టుకోండి: ‘జీ షార్ప్, ప్లస్ 36, 118, స రి గ ప ద’. జరిపిన ఫైలుకి కాదు, మూల ఫైలుకి. ఆరు నెలల తరవాత ఇంకో ట్రాక్‌కి ఇదే గొంతు కావాల్సి వస్తే తంబూర మళ్లీ తీయక్కర్లేదు.